అరిగిన మోకాలికి సొంత కణాల అతుకు: వైద్యశాస్త్రం, ధర్మశాస్త్రం

వరంగల్ నగరంలోని కొత్తవాడ షత్రంజీల నేతకు ప్రసిద్ధి. 2018లో వరంగల్ షత్రంజీలకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. గుంటలోకి కాళ్ళు దించి, తొక్కుడు చెక్కలను రోజుకు వేలసార్లు తొక్కుతూ నేసే ఈ పనిలో భారమంతా చేతుల మీదనే ఉన్నట్లు చూసేవారికి అనిపిస్తుంది గాని, వయసు మళ్ళిన తర్వాత ముందుగా మొరాయించేవి మోకాళ్ళే. మగ్గం ఎన్నడూ ఎరుగని గుమాస్తాకు, దుకాణదారుకు, ఇంటిపట్టున ఉండే స్త్రీకి కూడా యాభై అరవై ఏళ్ళు వచ్చేసరికి ఇదే బాధ ఎదురవుతున్నది. "గుజ్జు అరిగిపోయింది" అని డాక్టరు చెప్పిన మాటను ఇంటికి వచ్చి చెప్పుకోవడం ఈనాడు ప్రతి వాడలోనూ వినవస్తున్నది.

ముస్లిమునకు ఈ వ్యాధి మరొక రూపంలో కూడా బాధాకరం. రోజుకు అయిదు పూటలు మోకాళ్ళు వంచి సజ్దాలోకి వెళ్ళడం, ఖఅదాలో వాటి మీద కూర్చోవడం, మళ్ళీ లేచి నిలబడడం అతని దినచర్య. నలభై ఏళ్ళుగా మొదటి సఫ్‌లో నిలిచిన మనిషి ఒకనాడు వెనుక వరుసలో కుర్చీ వెతుక్కోవలసి వచ్చినప్పుడు కలిగే మనోవేదన కాలినొప్పికి తీసిపోనిది. ఇట్టి సమయంలో ఎవరైనా "నీ శరీరంలోని కణాలనే తీసి మోకాలిలో వేస్తే గుజ్జు మళ్ళీ పెరుగుతుంది, ఆపరేషను అక్కరలేదు" అని చెబితే ఆశపడనివారు అరుదు. ఆ ఆశలో నిజమెంత, ధర్మం దానిని ఏ దృష్టితో చూస్తుంది అనే రెండు ప్రశ్నలూ వేరువేరుగా కనిపించినా, రెండవదానికి సమాధానం మొదటిదాని మీదనే ఆధారపడి ఉన్నది.

గుజ్జు అంటే ఏమిటి?

జనం గుజ్జు అని పిలిచేది నిజానికి గుజ్జు కాదు. ఎముకల చివరలను కప్పి ఉంచే నున్నని, తెల్లని, గట్టి పొర అది. వైద్యులు దానిని మృదులాస్థి అంటారు; ఉర్దూ ఇళ్ళలో కుర్‌కురీ హడ్డీ అంటారు. మోకాలిలో దీని మందం కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే. దాని బరువులో అధికభాగం నీరే. ఆ నీటిని కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులు వలవలె అల్లుకొని పట్టి ఉంచుతాయి. ఈ పోగుల అల్లిక పై పొరలో అడ్డంగాను, లోపలికి పోయేకొద్దీ నిలువుగాను ఉంటుంది. నేతపని తెలిసినవారికి దీనిలోని పనితనం ఇట్టే బోధపడుతుంది. ఇంతటి కట్టడాన్ని చూసుకునే కణాలు మాత్రం బహు స్వల్పం.

ఈ పొరకు రక్తనాళాలు లేవు, నరాలు లేవు. కీలులోని జిగురు ద్రవంలో నుండే అది ఆహారం తీసుకుంటుంది. అడుగు వేసినప్పుడు నొక్కుకొని, ఎత్తినప్పుడు ఉబ్బి, స్పాంజివలె ద్రవాన్ని పీల్చుకుంటుంది. చర్మం తెగితే రక్తం వచ్చి గడ్డకట్టి, ఆ గడ్డలో నుండి కొత్త చర్మం పుడుతుంది. రక్తమే లేనిచోట ఈ మరమ్మతు ఎట్లా మొదలవుతుంది? 1743లోనే విలియం హంటర్ అనే శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు, నశించిన మృదులాస్థి తిరిగి కోలుకోదని లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వ్రాశాడు. రెండున్నర శతాబ్దాలకు పైగా వైద్యుల ప్రయత్నమంతా ఆ మాటను అబద్ధం చేయడానికే సాగుతున్నది.

మరమ్మతు చరిత్ర

మొదటి ఉపాయం మొరటుదే అయినా తెలివైనది. రక్తం లేకపోవడమే లోపమైతే రక్తాన్ని రప్పించవచ్చు గదా! 1959లో ప్రైడీ అనే బ్రిటిష్ శస్త్రవైద్యుడు అరిగిన చోట ఎముకకు రంధ్రాలు వేసే పద్ధతిని ప్రకటించాడు. 1980లలో అమెరికాలో స్టెడ్‌మన్ దానిని మరింత సున్నితం చేశాడు. రంధ్రాల గుండా ఎముక మజ్జ పైకి ఉబికి గడ్డకట్టి ఒక పొర ఏర్పడుతుంది. ఆ మజ్జలో మూల కణాలు కూడా ఉంటాయి గనుక, ఆ పేరు ప్రచారంలోకి రాకముందే రోగి సొంత మూల కణాలతో వైద్యం మొదలైనదని చెప్పవచ్చు. అయితే అట్లా పుట్టినది అసలు మృదులాస్థి కాదు, పీచు ఎక్కువగా ఉండే నాసిరకం పొర. కొన్నేళ్ళకు అది కూడా అరిగిపోతుంది.

రెండవ మెట్టు స్వీడన్‌లో ఎక్కారు. 1994లో గోథెన్‌బర్గ్ వైద్యులు బ్రిట్‌బర్గ్, పీటర్సన్, వారి సహచరులు 23 మంది రోగుల ఫలితాలను ప్రకటించారు. మోకాలిలో భారం పడని అంచు నుండి చిన్న ముక్క తీసి, అందులోని కణాలను ప్రయోగశాలలో కొన్ని వారాలు పెంచి, రెండవ ఆపరేషనులో గాయపడిన గుంటలో నింపడం వారి పద్ధతి. ఇవి మూల కణాలు కావు, ఎదిగిన మృదులాస్థి కణాలే. భారతదేశంలో కూడా ఈ తరహా చికిత్సకు, అనగా రోగి సొంత మృదులాస్థి కణాలను పెంచి తిరిగి అమర్చే ఉత్పత్తికి, 2017లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లభించింది.

ఇక్కడ ఒక భేదాన్ని గట్టిగా గుర్తుంచుకోవాలి. ఆటల్లోనో ప్రమాదంలోనో దెబ్బతగిలి, చుట్టూ మంచి పొర ఉండి ఒకచోట మాత్రమే గుంటపడిన మోకాలు వేరు. వయసుతో, బరువుతో, పనితో మొత్తం పలుచబడిపోయిన మోకాలు వేరు. షేర్వానీకి నిప్పురవ్వ పడి చిల్లుపడితే రఫూగరు పోగులు కలిపి చిల్లు కనబడకుండా చేస్తాడు. అదే షేర్వానీ ఇరవై ఏళ్ళు తొడిగి జల్లెడవలె అయిపోతే ఎంత గొప్ప రఫూగరైనా ఏమి చేయగలడు? అతని సూది పట్టడానికి చుట్టూ గట్టి బట్ట ఉండాలి. స్వీడన్ పద్ధతి రఫూ వంటిది. కొత్తవాడలోని ముసలి మోకాళ్ళలో అత్యధికం రెండవ కోవలోనివి. పెంచిన కణాల వైద్యాన్ని గురించి వచ్చే విజయగాథలు దాదాపు అన్నీ మొదటి కోవలోని వారివి. ఈ రెండింటినీ కలిపి చెప్పడంలోనే చాలా మోసం దాగి ఉన్నది.

మూల కణాల ప్రవేశం

మూల కణం, అనగా స్టెమ్ సెల్, ఇంకా ఒక వృత్తిలో స్థిరపడని కణం. సోవియట్ శాస్త్రజ్ఞుడు ఫ్రీడెన్‌స్టైన్ 1960, 70 దశకాలలో ఎముక మజ్జలో ఇట్టివి ఉన్నాయని చూపాడు. ఎముకగాను, మృదులాస్థిగాను, కొవ్వుగాను మారగల శక్తి వీటికి ప్రయోగశాలలో కనబడింది. 1991లో అమెరికాలోని ఆర్నాల్డ్ కాప్లన్ వీటికి "మెసెంకైమల్ స్టెమ్ సెల్స్" అని పేరు పెట్టాడు. పేరుతో పాటు ప్రపంచమంతటా ఆశ పుట్టింది.

మనుషుల మోకాళ్ళలో ఈ ప్రయోగాన్ని జపానులో వాకితాని 1998లో ప్రారంభించాడు. 2002లో ప్రకటించిన ఫలితాలలో 24 మంది రోగులున్నారు. పన్నెండు మందికి తమ మజ్జ నుండి పెంచిన కణాలు వేశారు, పన్నెండు మందికి వేయలేదు. కణాలు వేసిన మోకాళ్ళలో పొర మెరుగ్గా కనిపించింది గాని, నొప్పిలోను నడకలోను రెండు వర్గాల మధ్య చెప్పుకోదగిన తేడా కానరాలేదు. ఆయన తన రోగులను పదకొండేళ్ళకు పైగా పరిశీలించి, గడ్డలు గాని, చీము గాని పుట్టలేదని 2011లో ప్రకటించాడు. హాని లేదని తెలిసింది, లాభం మాత్రం స్పష్టంగా తేలలేదు. టెహ్రాన్‌లోని రోయాన్ సంస్థ 2018లో ప్రకటించిన పరిశీలన మరింత పకడ్బందీగా జరిగింది. 43 మందిలో కొందరికి కణాలు, మిగతావారికి ఉప్పునీరు ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చినదీ రోగికి గాని, పరీక్షించే వైద్యునికి గాని తెలియకుండా జాగ్రత్తపడ్డారు. ఆరు నెలల తర్వాత కణాలు పొందినవారి పరిస్థితి మెరుగ్గా ఉన్నది. ఇది సంతోషించదగిన వార్తే అయినా, ఆరు నెలలు మోకాలి జీవితంలో ఏపాటి?

అన్నింటిలో పెద్ద పరీక్ష అమెరికాలో జరిగింది. 2023లో ప్రకటించిన ఈ పరిశీలనలో 475 మంది రోగులున్నారు. కొందరికి తమ మజ్జ సారం, కొందరికి తమ కొవ్వు నుండి తీసిన కణాలు, కొందరికి బొడ్డుతాడు నుండి పెంచిన కణాలు, మిగిలినవారికి సామాన్యమైన స్టెరాయిడ్ సూది ఇచ్చారు. ఏడాది గడిచాక చూస్తే మూడు రకాల కణాలలో ఏదీ ఆ చవక సూది కంటే మిన్నగా లేదు. ఎక్స్‌రేకు మించిన ఎం.ఆర్.ఐ. పరీక్షలలో కూడా కొత్త గుజ్జు పెరిగిన జాడ కనబడలేదు.

కారణం ఏమిటి? మజ్జలోని కణాలలో ఈ మూల కణాలు లక్షకు ఒకటి మొదలు పది వరకు మాత్రమే ఉంటాయి. కాబట్టి తుంటి ఎముక నుండి మజ్జ తీసి, అరగంట గిరగిర తిప్పి, వెంటనే మోకాలిలో వేసే సూదిలో అవి ఉండీ లేనట్లే. ప్రయోగశాలలో పెంచి వేసినా, కీలులో అవి ఎక్కువకాలం నిలవవు. ఉన్నంతకాలం కొన్ని రసాయనాలు విడుదల చేసి వాపును తగ్గిస్తాయి. అందుకే పేరు పెట్టిన కాప్లన్ తానే 2017లో ఆ పేరు మార్చాలని, ఇవి కొత్త అవయవాన్ని కట్టే కణాలు కాక ఔషధ సంకేతాలు పంపే కణాలని వ్రాశాడు. తాను నాటిన పేరును తానే పెరికివేయడానికి పూనుకున్న ఆ శాస్త్రజ్ఞుని నిజాయితీ మెచ్చదగినది. ఆ పేరుతో వ్యాపారం చేస్తున్నవారు మాత్రం దానిని చెవిన పెట్టలేదు.

హైదరాబాదు అనుభవం

సొంత మూల కణాల వైద్యమే పొరపాటనుకోరాదు. దానికి గొప్ప నిదర్శనం తెలుగుగడ్డ మీదనే ఉన్నది. సున్నం, ఆమ్లం వంటివి కంటిలో పడి నల్లగుడ్డు అంచులోని మూల కణాలు నశిస్తే, కంటి మీద పొర కమ్ముకొని చూపు పోతుంది. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో 2001 నుండి డాక్టర్ వీరేందర్ సాంగ్వాన్, డాక్టర్ గీతా వేముగంటి ప్రభృతులు రోగి యొక్క బాగున్న కంటి అంచు నుండి చిటికెడు కణజాలం తీసి, పెంచి, చెడిన కంటికి అమర్చసాగారు. 2011లో 200 మంది రోగుల పదేళ్ళ అనుభవాన్ని ప్రకటించారు. నూటికి 71 మందిలో కంటి ఉపరితలం నిలకడగా బాగుపడింది. తర్వాత 2012లో ప్రయోగశాలలో పెంచే అవసరం కూడా లేని సులభ పద్ధతిని వెల్లడించారు.

కంటిలో ఫలించినది మోకాలిలో ఎందుకు ఫలించదు? కంటిలో కొరవడినది ఆ కణాలే. అవి తమ సొంత పని, అనగా పలుచని పై పొరను పుట్టించడం, తిరిగి చేస్తాయి. మోకాలిలోనో, మజ్జ కణం తన పని కాని పనిని నేర్చుకోవాలి. అడ్డపోగు, నిలువుపోగు అల్లిక వేయాలి. అదీ మనిషి బరువుకు అనేక రెట్లు భారం పడుతుండగా. అంతేకాక మోకాలు వంకరపోయి, ఎముక గట్టిపడి, కండరం సన్నగిల్లిన తర్వాత గుజ్జు ఒక్కటే లోపం కాదు.

ధర్మవేత్తల దృష్టి

మనిషి తన శరీరం నుండి ఒక భాగాన్ని తీసి మరొకచోట పెట్టుకోవచ్చునా అన్న ప్రశ్న కొత్తది కాదు. హిజ్రీ 587లో, అనగా క్రీ.శ. 1191లో, కీర్తిశేషులైన ఇమామ్ కాసానీ తమ బదాయి ఉస్‌సనాయి గ్రంథంలో ఊడిన పన్ను విషయాన్ని చర్చించారు. ఊడిన తన పన్నునే తిరిగి అమర్చుకోవడాన్ని ఇమామ్ అబూ హనీఫా, ఇమామ్ ముహమ్మద్ మక్రూహ్‌గా భావించగా, ఇమామ్ అబూ యూసుఫ్ తన పన్నయితే దోషం లేదని, పరుల పన్నయితేనే మక్రూహ్ అని అభిప్రాయపడ్డారు. తనది, పరులది అనే ఈ భేదమే ఈనాటి చర్చకు పునాది. అర్‌ఫజా (రజి) అనే సహాబీకి యుద్ధంలో ముక్కు తెగిపోగా, వెండి ముక్కు దుర్వాసన వేయడంతో బంగారు ముక్కు పెట్టుకొమ్మని దైవప్రవక్త (స) ఆదేశించిన ఉదంతం తిర్మిజీ, అబూ దావూద్‌లలో ఉన్నది. పురుషులకు నిషిద్ధమైన బంగారం కూడా అవసరం కొద్దీ అనుమతించబడినది. లోహపు కృత్రిమ మోకాలు విషయంలో సంకోచించేవారు ఈ ఉదంతాన్ని గుర్తు చేసుకోవచ్చు.

జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 1988 ఫిబ్రవరిలో జరిగిన నాల్గవ సమావేశంలో, ఒకే మనిషి శరీరంలో ఒకచోటి భాగాన్ని మరొకచోటికి మార్చడాన్ని అనుమతించింది. కలగబోయే లాభం జరిగే నష్టం కంటే ఎక్కువగా ఉండాలని షరతు విధించింది. మూల కణాల విషయమై మక్కాలోని రాబితా వారి ఫిఖ్ మండలి 2003 డిసెంబరులో తీర్మానిస్తూ, పెద్దవారి నుండి వారికి హాని కలగకుండా చికిత్స నిమిత్తం తీసుకోవడం ధర్మసమ్మతమని, ఉద్దేశపూర్వకంగా గర్భస్రావం చేసిన పిండాల నుండి తీసుకోవడం నిషిద్ధమని ప్రకటించింది. కనుక సొంత కణాల వైద్యం మూలంలో హలాలే.

చిక్కు వేరేచోట ఉన్నది. కణాలను పెంచేటప్పుడు పోషణకై తరచు దూడ పిండపు రక్తం నుండి తీసిన సీరం వాడుతారు. దీనికి బదులు రోగి సొంత సీరం వాడవచ్చునని హైదరాబాదు నేత్రవైద్యులు ఆచరణలో చూపారు. అంతకంటే పెద్ద ప్రశ్న పొర విషయంలో వస్తుంది. 2016లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఆమోదించిన ప్రసిద్ధ ఉత్పత్తిలో రోగి కణాలను పంది కొల్లాజెన్‌తో చేసిన పొర మీద పెంచుతారు. పంది జెలాటిన్‌ను ఆహారంలో వాడరాదని జిద్దా అకాడమీ 1986లో చెప్పింది. పూర్తిగా రూపాంతరం చెందిన పదార్థానికి మూల పదార్థపు తీర్పు వర్తించదనే ఇస్తిహాలా సూత్రం మీద 1995లో కువైట్‌లో సమావేశమైన వైద్యులు, ధర్మవేత్తలు దానికి సడలింపు ఇచ్చారు. శుద్ధి చేసిన కొల్లాజెన్ రూపాంతరం చెందినట్లా, కానట్లా అన్నది తేలవలసిన విషయమే. అయితే పొర లేకుండా ఫైబ్రిన్ జిగురుతో కణాలు నింపే పద్ధతి కూడా ఉన్నందున, వేరే దారి లేదనే జరూరత్ వాదం ఇక్కడ బలంగా నిలవదు. రోగి అడగకపోతే వైద్యుడు ఈ వివరం చెప్పకపోవచ్చు.

ఇక అసలు విషయం. ప్రతి రోగానికీ మందు ఉన్నదని, వైద్యం చేయించుకొమ్మని దైవప్రవక్త (స) ఎడారివాసులకు చెప్పిన హదీసు అందరికీ తెలిసినదే. ఆ హదీసులోనే వార్ధక్యం మినహాయించబడినదన్న సంగతిని చాలామంది మరచిపోతారు. ఔరంగజేబు కాలంలో సంకలనమైన ఫతావా ఆలంగీరీ కష్టనివారణ సాధనాలను మూడు తరగతులుగా విభజించింది. దాహానికి నీరు వలె ఫలితం నిశ్చయమైనవి మొదటివి; వాటిని విడిచిపెట్టడం పాపం. సామాన్య ఔషధాల వలె ఫలితం సంభావ్యమైనవి రెండవవి. వాడుకోవచ్చు, మానినా దోషం లేదు. ఫలితం కేవలం ఊహ మాత్రమైనవి మూడవవి. వాటిని విడవడమే తవక్కుల్‌కు దగ్గర. పైన చెప్పిన పరిశోధనలను ఈ త్రాసులో వేసి చూస్తే, యువకుని మోకాలిలోని గుంటకు పెంచిన మృదులాస్థి కణాలు రెండవ తరగతికి చెందుతాయి. అరిగిన ముసలి మోకాలికి మూల కణాల సూది ఈనాటికి మూడవ తరగతిని దాటలేదు. దాని కోసం మగ్గం అమ్ముకోవడం, అంతకంటే ఘోరంగా వడ్డీకి అప్పు తేవడం, ఊహ కొరకు నిశ్చయమైన హరాంలో పడడమే అవుతుంది.

చట్టం కూడా ఇదే మార్గాన ఉన్నది. భారత వైద్య పరిశోధన మండలి 2017 నియమావళి ప్రకారం, రక్తసంబంధ వ్యాధులకు చేసే మజ్జ మార్పిడి వంటి ఆమోదిత చికిత్సలు తప్ప, మూల కణాలను పరిశోధన పరిధికి వెలుపల రోగులకు వాడడం అనైతికం. 2022లో మోకాలి అరుగుదలకు అనుమతి పొందిన బెంగుళూరు ఉత్పత్తి ఒకటి ఉన్నది గాని, అది దాతల మజ్జ నుండి పెంచినది, రోగి సొంతం కాదు. రక్తం నుండి తీసే పి.ఆర్.పి. సూదిని మూల కణాలని చెప్పి ఇవ్వడం కూడా వింటున్నదే; అందులో ఉండేవి రక్తఫలకికలు, మూల కణాలు కావు. నిజమైన పరిశోధన అయితే దానికి భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు సంఖ్య ఉంటుంది, నైతిక సంఘం అనుమతి ఉంటుంది, రోగికి అర్థమయ్యే భాషలో సమ్మతిపత్రం ఉంటుంది. పరిశోధన అంటూనే భారీగా సొమ్ము వసూలు చేసేచోట నమోదు సంఖ్య అడిగి చూడవలసినదే.

కొత్తవాడ నుండి మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి దూరం కాదు. తొడ కండరాన్ని బలపరిచే వ్యాయామం, బరువు తగ్గించుకోవడం, నొప్పి లేని వైపు చేతిలో కర్ర పట్టడం, గొంతుకూర్చోవడం మానడం అనేవి మొదట చేయవలసిన పనులు. వీటికి ఆధారాలు మూల కణాలకంటే గట్టివి. ఇవేవీ పనిచేయక, రాత్రి నిద్ర కూడా పట్టని స్థితిలో కీలు మార్పిడి ఆపరేషను ఉన్నది. అది జరిగిన తర్వాత కూడా చాలామంది నేల మీద మోకరిల్లలేరు. ఈ మాటను ఆపరేషనుకు ముందే అడిగి తెలుసుకోవడం మేలు.

ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) మూలవ్యాధితో బాధపడుతూ అడిగినప్పుడు, నిలబడి, వీలుకాకపోతే కూర్చొని, అదీ వీలుకాకపోతే ప్రక్కకు పడుకొని నమాజు చేయమని దైవప్రవక్త (స) చెప్పినట్లు బుఖారీలో ఉన్నది. సజ్దా చేయలేనివాడు కూర్చొని సైగతో నమాజు చేయవచ్చునని హనఫీ ధర్మవేత్తల తీర్పు. సజ్దా సైగకు తలను రుకూ సైగ కంటే కొంచెం ఎక్కువగా వంచాలి. నొసటికి ఆనించుకోవడానికని బల్లగాని, దిండుగాని ఎత్తి పట్టుకోవలసిన పని లేదు, అట్లా చేయడం మక్రూహ్. నేల మీద ఏదో ఒక విధంగా, కాళ్ళు ఖిబ్లా వైపు చాపి అయినా, కూర్చోగలిగినవారు కుర్చీకంటే నేలనే ఎన్నుకోవడం ఉత్తమమని ధర్మవేత్తలు చెప్పారు.